మొదటి హ్యాండ్‌గన్ కోర్సు అయిపోయింది, ఇప్పుడేం చేయాలి?

కొత్తచేయి
నిన్న ఒకరోజు కోర్సు పూర్తిచేశాను. పొద్దున క్లాసు, మధ్యాహ్నం రేంజ్‌లో 9 ఎం.ఎం. పిస్టల్‌తో 50 రౌండ్లు. చివరి పదిలో ఏడు, టార్గెట్ మధ్యకి ఎడమగా, కిందకి పడ్డాయి. నాది కుడిచేతి వాటం. ఇంట్లోవాళ్లు వెంటనే సొంతది కొందామంటున్నారు. నాకేమో ముందు ఇంకో కోర్సు చేయాలనుంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాతకాపు
కొనేయండమ్మా. కోర్సులో నేర్చుకున్నది నెల తిరిగేసరికి సగం మరిచిపోతారు. తూటాలు ఎడమగా, కిందకి పడుతున్నాయంటే, పేలుతుందని చేయి ముందే బెదిరి కిందకి తోస్తోంది, ట్రిగ్గర్ వేలితో పాటు మిగతా వేళ్లూ బిగుస్తున్నాయి. దీనికి మందు డ్రై ఫైర్. ఖాళీ గన్‌తో గోడ మీద చిన్న చుక్కకి గురిపెట్టి ట్రిగ్గర్ మెల్లగా నొక్కండి. గొట్టం మీద ముందుండే సైటు (గురి చూసే ముక్క) వెంట్రుకవాసి కూడా కదలకూడదు. రోజూ పది నిమిషాలు చాలు. అద్దె గన్‌ని ఇంటికి తెచ్చుకోలేరు కదా, అందుకే సొంతది ఉండాలి.

వేకువ
బెదురు పోవడానికి సొంత గన్ అక్కర్లేదండి. రేంజ్‌లోనే పక్కవాళ్ల చేత మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) నింపించుకోండి, అసలు రౌండ్ల మధ్య డమ్మీలు, అంటే పేలని ఉత్తుత్తి తూటాలు, కలిపి. ఏది ఎప్పుడొస్తుందో మీకు తెలియకూడదు. డమ్మీ వచ్చినప్పుడు పేలదు, కానీ గొట్టం మూతి గభాల్న కిందకి వంగుతుంది. అది కళ్లారా చూసుకున్నాకే నా చేయి దారికొచ్చింది. కొన్నాళ్లు చిన్న తూటా వాడే .22 పిస్టల్‌తో కాల్చండి, వెనక్కి తన్నడం చాలా తక్కువ. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ అయినా మంచిదే. 1988 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న ఆట అది, ట్రిగ్గర్ మీద శ్రద్ధ దాన్ని మించి నేర్పేది నేను చూడలేదు.

చినుకు
.22తో డ్రై ఫైర్ చేయొద్దు. ఫైరింగ్ పిన్ పాడవుతుంది.

పాతకాపు
నేను .22 అనలేదు. .22లో పిన్ తూటా అంచు మీద కొడుతుంది, తూటా లేకపోతే ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) అంచుకి తగలొచ్చు. ఇప్పటి 9 ఎం.ఎం. పిస్టళ్లకి సాధారణంగా ఆ బాధ లేదు. అనుమానముంటే కంపెనీ పుస్తకం చూసి డమ్మీ పెట్టుకోండి.

చినుకు
"ఖాళీ గన్‌తో" అని వదిలేశారు, ఏ గన్నో చెప్పలేదు. కొత్తవాళ్లు అలాగే చేస్తారు.

పాతకాపు
ఆవిడ కాల్చింది 9 ఎం.ఎం. అని మొదటి పోస్టులోనే ఉంది బాబూ, చదవండి.

వేకువ
నన్ను భయపెట్టేది ఆ "ఖాళీ" అన్న మాటే. మా అన్నయ్య కూడా కోర్సు చేసినవాడే. ఒక సాయంత్రం ముందు స్లైడ్ (గన్ పైన వెనక్కి లాగే భాగం) లాగాడు, తర్వాత మ్యాగజైన్ తీశాడు. స్లైడ్ ముందుకెళ్తూ మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటాని ఛాంబర్‌లోకి తోసేసింది. ఖాళీ అనుకుని నొక్కాడు. గోడకి చిల్లు పడింది. అవతల గదిలో పాప మంచం, దుప్పటి నిండా సున్నం పొడి. పాప అప్పుడు వంటింట్లో ఉంది కాబట్టి బతికింది. మ్యాగజైన్ ముందు తీయాలి, తర్వాతే స్లైడ్ లాగాలి, ఛాంబర్‌లో కంటితో చూసి వేలితో తడమాలి. డ్రై ఫైర్ చేసే గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. కోర్సయిన మర్నాడే కొనమంటే ఒప్పుకోనిది ఇందుకే.

పాతకాపు
మీ అన్నయ్య అజాగ్రత్తకి ఆవిడెందుకు ఆగాలి? నేనూ "ఇంకాస్త నేర్చుకో" అన్నవాళ్ల మాట విని రెండేళ్లు ఆగాను. ఒకరాత్రి తలుపు విరగ్గొట్టి ఇంట్లోకి దూరారు. నేనూ మా ఆవిడా బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని కూర్చున్నాం. ఆవిడ చేయి నా చేతిలో మంచుగడ్డలా అయిపోయింది. ఆ రాత్రి మాకు అక్కరకొచ్చిన సలహా ఒక్కటీ లేదు.

వేకువ
మీరు పడ్డ బాధ కాదనను. కానీ ఆ చీకట్లో గన్ ఉంటే ఎవరిని చూసి కాల్చేవారు? గురి ఏమిటో, దాని వెనకేముందో తెలియకుండా కాల్చొద్దని కోర్సులో మొదటి గంటలోనే చెప్తారు.

పాతకాపు
నన్ను చేతకానివాడంటున్నారా? ఇరవై ఏళ్లుగా కాలుస్తున్నాను. ఇంకెవరూ నాకు "ఆగు" అని చెప్పక్కర్లేదు.

గట్టుమీద
ఇద్దరూ కాస్త ఆగండి. అడిగింది ఆవిడ.

వేకువ
మీ చేతి మీద నాకు అనుమానం లేదు. అన్నయ్య ఇంట్లో సేఫ్ ఉండేది. "అవసరానికి వెంటనే అందాలి" అని తాళం వేసేవాడు కాదు. నేనడిగేది ఒక్కటే: గన్ తాళంలో ఉంటుందా, చేతికందేలా ఉంటుందా? కెల్లర్‌మన్ బృందం 1993లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాసింది చూడండి. అమెరికాలో గన్ ఉన్న ఇళ్లలో ఇంటివాళ్ల చేతిలోనో బాగా దగ్గరివాళ్ల చేతిలోనో హత్యకు గురయ్యే ముప్పు ఎక్కువగా కనిపించింది.

పాతకాపు
ఆ పరిశోధన మీద విమర్శలూ ఉన్నాయి. అసలే ముప్పున్న ఇళ్లవాళ్లే గన్ కొని ఉండొచ్చు కదా. ఇక తాళం సంగతి అడిగారు కాబట్టి చెప్తున్నా: నాది తలగడ పక్కనే ఉంటుంది, తాళం లేదు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆ రాత్రి తర్వాత నాకు తాళం వేస్తే నిద్ర పట్టదు.

వేకువ
మనిద్దరికీ పేచీ అక్కడేనండి. మీ ఇంట్లో పిల్లలు లేరు. ఆవిడ ఇంట్లో ఎవరున్నారో మనమెవరం అడగలేదు.

కొత్తచేయి
నేనే చెప్పాల్సింది. మాకు పదకొండేళ్ల బాబున్నాడు. కొందామంటున్నది మావారు. మంచం పక్క సొరుగులో ఉండాలంటారు. ఆయన ఏ కోర్సూ చేయలేదు. కోర్సుకి నేను వెళ్లింది కూడా ఆయన మాట కొట్టేయలేకే. పైన మీ ఇద్దరి పోస్టులూ రాత్రి ఆయన చేత చదివించాను. గోడ చిల్లు దగ్గర ఆగిపోయి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన కూడా కోర్సు చేసి, వేళ్లతో కోడ్ నొక్కితే తెరుచుకునే సేఫ్ ముందు ఇంటికొచ్చాకే కొనే మాట అని చెప్పాను. సరేనన్నారు. అప్పటిదాకా శనివారాలు రేంజ్‌కి వెళ్లి అద్దె గన్‌తో కాలుస్తాను, డమ్మీలు కలిపి.

పాతకాపు
పదకొండేళ్ల బాబా? ముందే చెప్తే ఆ "కొనేయండి" రాసేవాణ్ణి కాదమ్మా. ఆ కోడ్ బాబుకి తెలియనివ్వకండి, వాడి పుట్టినరోజు అసలు పెట్టకండి. శనివారం పది రౌండ్లకి మూడు డమ్మీలు చాలు. మ్యాగజైన్ మీవారి చేత నింపించకండి, ఆయన కోర్సయ్యేదాకా రేంజ్‌వాళ్లనే అడగండి.