వద్దంటున్న కొడుక్కి తాంబూలాలు మార్చుకోవచ్చా?

తిరుపతి నుండి ఒక తల్లి:
మా అబ్బాయికి 33 ఏళ్లు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, మా మందుల దగ్గర నుండి కరెంటు బిల్లు దాకా అన్నీ చూసుకునే ఈ పిల్లవాడు, పెళ్లి మాట ఎత్తితే మాత్రం "నాకు అక్కరలేదమ్మా" అని ఊరుకుంటాడు. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజకు రమ్మంటే ఎదురు చెప్పకుండా వచ్చి కూర్చున్నాడు గాని, మాట మార్చుకోలేదు. ఇప్పుడు పలమనేరు నుండి మంచి సంబంధం వచ్చింది. ముందు తాంబూలాలు మార్చుకుంటే వాడే దారికి వస్తాడని మా ఆడబిడ్డ అంటున్నది. మా తర్వాత వాడికి ఎవరన్న దిగులుతో నాకూ అదే సబబనిపిస్తున్నది. పెద్దలు ఏమంటారు?

చిత్తూరు నుండి విశ్రాంత ఉపాధ్యాయుడు:
మార్చుకోండమ్మా. మా తరంలో మమ్మల్ని అడిగి పెళ్లిళ్లు చేయలేదు, అయినా కాపురాలు నిలిచాయి. నలభై దాటాక అబ్బాయి మనసు మారితే సంబంధం ఎక్కడ దొరుకుతుంది? అప్పుడు మిమ్మల్నే నిందిస్తాడు.

పుత్తూరు నుండి న్యాయవాది:
వయసు గడిచేకొద్దీ సంబంధాలు తగ్గుతాయన్న మాస్టారు గారి మాట నిజమే. కానీ ఇంతవరకు పలమనేరు అమ్మాయిని ఎవరూ తలచుకోలేదు. తాంబూలాల తర్వాత పెళ్లి ఆగితే అబ్బాయి బస్సెక్కి బెంగళూరు వెళ్లిపోతాడు. ఏం లోపముందో అన్న మాట పడవలసింది ఆ అమ్మాయి. పెళ్లి జరిగిపోతే ఇంకా కష్టం. బలవంతంతోనో మోసంతోనో సమ్మతి పొందిన పెళ్లిని రద్దు చేయమని కోరే హక్కును 1955 నాటి హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ఇచ్చింది గాని, బలవంతం తొలగిన లేదా మోసం బయటపడిన ఏడాదిలోగా అర్జీ పెట్టుకోవాలి, పైగా కన్నతల్లి కన్నీళ్లను బలవంతమని కోర్టులో నిరూపించడం ఎవరి తరం? ఇక ఆనాటి కాపురాలు నిలవడం వెనుక, పుట్టింటికి తిరిగి రాలేక ఓర్చుకున్న ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. మా కక్షిదారుల్లో వారి కూతుళ్లను చూస్తూనే ఉన్నాను. అక్కా, సంబంధం వాళ్లకు ఉన్న సంగతి చెప్పండి. అబ్బాయిని ఎప్పుడు చేసుకుంటావని కాక, ఎందుకు వద్దో, మేనత్త లేనప్పుడు అడగండి.

చిత్తూరు ఉపాధ్యాయుడు:
అమ్మాయి వాళ్లకు చెప్పాలన్నది ఒప్పుకుంటున్నాను. అయితే అడుగుతూ కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి. అబ్బాయికి ఒక గడువు పెట్టవలసిందే.

పుత్తూరు న్యాయవాది:
గడువు పెడితే అది మళ్లీ బలవంతమే కదా, మాస్టారూ. వద్దన్నదే అతని జవాబు కావచ్చు.

తిరుపతి తల్లి:
పలమనేరు వారికి రేపు మా ఆయన చేత ఫోన్ చేయిస్తాను. గడువు సంగతి మాత్రం నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.