అభిజిత్ నక్షత్రం పక్కన రావాల్సిన శాటిలైట్ పక్కకి ఎందుకు జరిగింది?

నాగావళి ఒడ్డు: మూడు రోజులుగా ఇదే పని. యాప్ ప్రకారం నిన్న సాయంత్రం పాత ఇరిడియం (శాటిలైట్ ఫోన్ల కంపెనీది) శాటిలైట్ ఒకటి సరిగ్గా అభిజిత్‌ని రాసుకుంటూ వెళ్ళాలి, అక్కడే ఫ్లేర్, అంటే ఎండ తగిలి ఒక్కసారిగా మెరిసే మెరుపు, వస్తుందని ఆశపడ్డాను. మేడ మీద కెమెరా బిగించి, బైనాక్యులర్ పట్టుకుని కూర్చున్నా. టైముకే వచ్చింది. కానీ అభిజిత్‌కి చాచిన చేతి పిడికిలికి కాస్త తక్కువ దూరంలో పోయింది. ఫ్లేరూ లేదు. ఇవాళ నాలుగు గంటలు మళ్ళీ లెక్కలు వేశాను, తప్పు దొరకలేదు. ఎవరైనా చెప్పండి, తల పగిలిపోతోంది.

కోట వీధి: టైమ్ యూటీసీలో (గ్రీనిచ్ టైములో) ఉందేమో. 5:30 కలిపారా?

నాగావళి ఒడ్డు: కలిపానండీ. టైముకే వచ్చిందని రాశాను కదా!

పాఠాల మాస్టారు: బాబూ, ముందు మాట సరిచేసుకుందాం. ఫ్లేర్ అంటే సూర్యుడి మీద ఎగసే జ్వాల. ఇక్కడ మండేది ఏదీ లేదు, ఎండ పడి తిరిగి రావడమే. తళుకు అనాలి. మన అరసవల్లిలో మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులే ఉదయపు కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి కదా, కోణం కుదరాలి. ఇదీ అంతే. ఆ ఇరిడియంలకి 188 సెంటీమీటర్ల పొడవు, 86 వెడల్పు ఉన్న యాంటెన్నాలు మూడేసి ఉండేవి. తలుపు రెక్కంత అద్దాలు అనుకోండి.

బొబ్బిలి: ఆ ఫ్లేర్ల కాలం అయిపోయింది. 2017 నుంచి 2019 లోపు కొత్తవి పంపి, పాతవి చాలామటుకు దించేశారు. మిగిలినవి అదుపు లేకుండా దొర్లుతున్నాయి. యాంటెన్నా ఎటు తిరిగుందో తెలియకుండా మెరుపు లెక్క తేలదు. మీదే ఊరు? యాప్‌లో ఏ ఊరు పెట్టారు?

నాగావళి ఒడ్డు: శ్రీకాకుళం. యాప్‌లో వైజాగ్ ఉంది, లిస్టులో అదే దగ్గర. నక్షత్రాలు రెండు చోట్లా ఒకేలా కనబడతాయి కదా అన్నా?

బొబ్బిలి: నక్షత్రాలు అలాగే కనబడతాయి, అవి అంత దూరం కాబట్టి. శాటిలైట్ 780 కిలోమీటర్ల ఎత్తులోనే ఉంది. వైజాగ్ మీకు సుమారు 100 కిలోమీటర్లు. దాదాపు నడినెత్తిన వెళ్ళేదైతే నక్షత్రాల మధ్య ఏడు డిగ్రీల దాకా జరుగుతుంది. పిడికిలి అంటే పది డిగ్రీలు. మీరు చూసింది సరిగ్గా అదే. మెరిసే రోజుల్లో కూడా ఆ వెలుగు నేల మీద కొన్ని కిలోమీటర్ల వెడల్పులోనే గట్టిగా పడేది. వైజాగ్ లెక్క మీకు పనికిరాదు. మేడ అక్షాంశ రేఖాంశాలు ఫోన్ మ్యాపులో చూసి చేత్తో కొట్టండి. ఇంకోటి, శాటిలైట్ అదే దారిలో ఆలస్యంగా వస్తే టీఎల్ఈ (యాప్ వాడే శాటిలైట్ కక్ష్య వివరాలు) పాతదని అర్థం, కొత్తది దించుకోండి. సెకను తేడాకి అర డిగ్రీ పోతుంది, నిండు చంద్రుడి వెడల్పంత.

కోట వీధి: మాస్టారూ, ఫ్లేర్ అంటే అందరికీ అర్థమవుతుంది. తళుకు అంటే ముక్కుపుడక గుర్తొస్తుంది.

పాఠాల మాస్టారు: ముక్కుపుడక రాయి మెరిసేదీ అలాగే కదా బాబూ. అందుకే ఆ మాట అన్నాను.

చీపురుపల్లి: అంతరిక్ష కేంద్రానికీ ఇంతేనా?

బొబ్బిలి: అది 400 కిలోమీటర్ల దగ్గర తిరుగుతుంది. ఇంకా ఎక్కువే జరుగుతుంది, 14 డిగ్రీల దాకా.

నాగావళి ఒడ్డు: ఊరు మార్చాను. నిన్నటి దారి ఇప్పుడు యాప్‌లోనూ అభిజిత్‌కి దూరంగానే చూపిస్తోంది. థాంక్స్ అన్నా. ఇవాళ మబ్బు పట్టింది.