చేతిలో కొద్ది డబ్బే ఉంటే ముందు మరమ్మతా, ముస్తాబా?

పాతగోడ (చర్చ మొదలుపెట్టినవారు):

ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఇంటి కోసం పక్కన పెట్టిన సొమ్ము తక్కువైతే అందులో చిల్లిగవ్వ కూడా అలంకరణకు పోకూడదు. కారే కుళాయి, పెచ్చులు లేచిన గోడ, బిగుసుకుపోయిన తలుపు ముందు. పటాలు, దిండ్లు, తీగ దీపాలు తర్వాత.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న మాట. మా పడకగదిలో ఒక గోడ అడుగున గోధుమరంగు మరక కనిపిస్తే, చవకగా అయిపోతుందని దాని మీద వాల్‌పేపర్ అతికించాం. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఎనిమిది నెలలకు మూల దగ్గర కాగితం ఉబ్బింది. లాగి చూస్తే మోకాలి ఎత్తుదాకా నల్లటి బూజు. వినైల్ పూత ఉన్న కాగితం గోడలోని తేమను బయటికి పోనివ్వదు. వెనుక రాసిన జిగురేమో బూజుకు మేత. మొదట్లో ఒక మూలతో పోయే పని చివరికి గిలాబంతా చెక్కి మళ్లీ వేయించేదాకా వచ్చింది.

కుళాయి సంగతీ అంతే. సెకనుకు ఒక చుక్క చొప్పున కారితే రోజుకు దాదాపు 20 లీటర్ల నీళ్లు పోతాయి. చాలావరకు లోపలి రబ్బరు వాషర్ అరిగిపోవడమే కారణం. పావుగంట పని. దాన్ని వదిలేసి గోడకు బొమ్మలు తగిలించేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

చిత్రిక:

పాతగోడ గారూ, మీ గోడ గురించి చెప్పింది అక్షరాలా నిజం. దాన్నుంచి మీరు తీసిన సూత్రమే ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

మరమ్మతులు ఎప్పటికి పూర్తవుతాయి? ఏడేళ్లు నేను మీలాగే ఆలోచించాను. ఒక తలుపు బందులు సరిచేసేసరికి ఇంకో కిటికీ గడియ ఊడేది. ఆ ఏడేళ్లలో మా ముందుగదిలో కాసేపు కూర్చుందామని ఒక్క సాయంత్రమూ అనిపించలేదు. పని చేసి పడుకోవడానికి ఒక చోటు, అంతే.

ఒక సెలవు రోజున మరమ్మతుల జాబితా పక్కన పెట్టి మూడు పనులు చేశాను. తెల్లగా కళ్లలో పొడిచే 6500 కెల్విన్ బల్బు తీసి, పసుపు ఛాయ ఉన్న 2700 కెల్విన్ బల్బు పెట్టాను. కిటికీ చట్రాన్ని అంటిపెట్టుకుని ఉన్న కర్టెన్ కడ్డీని పైకప్పుకు దగ్గరగా, అటు జానెడు ఇటు జానెడు ఎక్కువ వచ్చేలా బిగించాను. దాంతో కిటికీ పెద్దదైనట్టు కనిపించింది, పరదా పక్కకు జరిపితే వెలుతురు ఏమాత్రం ఆగడం లేదు. తల ఎత్తి చూడవలసినంత పైన ఉన్న పటాలను దించి, వాటి మధ్యభాగం నేల నుంచి 150 సెంటీమీటర్ల దగ్గర ఉండేలా తగిలించాను. ఖర్చంతా ఒక బల్బు, నాలుగు స్క్రూలు.

ఆ గదిలో కూర్చోవడం మొదలయ్యాకే కుర్చీ పక్కన గోడకు ఉన్న పగులు నా కంటపడింది. లప్పం పెట్టాను, ఆరాక గరుకు కాగితంతో రుద్దాను, రంగు వేశాను. ఎవరూ చెప్పలేదు. ఇల్లు ముద్దొస్తేనే చెయ్యి దాని మీదకు పోతుందని నా నమ్మకం.

తాపీ:

చాలాకాలం గోడల పనిలోనే ఉన్నాను కాబట్టి ఒక మాట. ఇద్దరూ ఒకే పేరుతో రెండు వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నారు. లోపాన్ని కప్పే అలంకరణ వేరు, లోపం జోలికి పోనిది వేరు. బల్బు, కడ్డీ, పటం వల్ల ఏ గోడా చెడలేదు. చెమ్మ మీద అతికించిన కాగితం, ఉప్పు పూసిన గోడ మీద వేసిన రంగు చెరుపు చేస్తాయి.

ఉప్పు పూయడం అంటే చాలామంది సున్నం రాలుతోందనుకుంటారు. ఇటుకలోనూ సిమెంటులోనూ ఉన్న లవణాలను నీరు కరిగించి పైకి తెస్తుంది. నీరు ఆవిరైపోతుంది, తెల్లటి పొడి మిగులుతుంది. ఆ పొడి కనిపిస్తే గోడలో నీరు నడుస్తోందని అర్థం. దారి మూయకుండా ఎంత ఖరీదైన రంగు వేసినా పొరలుగా లేస్తుంది. కొత్తగా సిమెంటు గిలాబు చేసినా 28 రోజులైనా ఆరనివ్వాలి. ఈ ఓపిక లేకనే సగం డబ్బు వృథా అవుతుంది.

ఇంకొకటి, పాత ఇళ్లలో ఉన్నవారికి. దశాబ్దాల కిందటి రంగుల్లో సీసం ఉండవచ్చు. అమెరికాలో ఇళ్ల రంగుల్లో దాన్ని నిషేధించింది 1978లో, చాలా దేశాల్లో ఇంకా ఆలస్యంగా. అలాంటి గోడను పొడిగా రుద్దితే లేచే ధూళి పిల్లల మెదడుకు హాని చేస్తుంది. అనుమానం ఉంటే ముందు పరీక్ష చేయించండి, అప్పటిదాకా ఆ గోడను గీకవద్దు.

అద్దెగది:

మీరంతా సొంత ఇళ్ల గురించి మాట్లాడుతున్నారు. నాది అద్దె ఇల్లు. బీరువా వెనుక గోడ మీద, పై మూల నుంచి నల్లటి చుక్కలు పరుచుకుంటున్నాయి. ఇంటి యజమానికి మూడుసార్లు చెప్పాను. చూద్దాం అంటారు, చూడరు. నా దగ్గర ఉన్నది చాలా కొద్ది మొత్తం. గోడంతా కప్పేలా ఒక పెద్ద అచ్చు వస్త్రం తగిలించుకుంటే రోజూ ఆ నలుపు చూసే బాధైనా తప్పుతుందని అనుకుంటున్నాను. తప్పా?

పాతగోడ:

తప్పే. నేను కాగితంతో చేసింది మీరు గుడ్డతో చేస్తున్నారు. ఆ డబ్బుతో నీటిని ఆపే రసాయనం పూయించండి, లెక్క యజమానికి రాసి పంపండి.

అద్దెగది:

రేపు ఖాళీ చేయమంటే ఆ పూతను నాతో తీసుకుపోలేను. నాది కాని గోడకు నా జీతం ఎందుకు పెట్టాలో చెప్పండి. గుడ్డ అయితే మడిచి పట్టుకుపోతాను.

చిత్రిక:

గుడ్డకూ కాగితానికీ తేడా ఉంది. నూలు గుడ్డను సన్నని చెక్క పట్టీకి బిగించి వేలాడదీస్తే వెనుక గాలి కొంత ఆడుతుంది, కావలసినప్పుడు ఎత్తి గోడ ఎలా ఉందో చూడవచ్చు. అతికించిన కాగితాన్ని ఎత్తి చూడలేం. అయినా ఆ మూల మీద ఇప్పుడే వద్దు. ఎదుటి గోడకు కట్టుకోండి, మంచం మీద పడుకుంటే కనిపించేది అదే కదా.

తాపీ:

అద్దెగది గారూ, ఒక్క పైసా ఖర్చు పెట్టకముందు ఇది చేయండి. గోడను తుడిచి ఆరనిచ్చి, చుక్కల పక్కన రెండు జానల అల్యూమినియం రేకు పరిచి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో మూసేయండి. రెండు రోజులు వదిలేయండి. రేకు వెనుక, అంటే గోడ వైపు తడిస్తే నీరు గోడలో నుంచి వస్తోంది. గది వైపు తడిస్తే అది గదిలోని గాలి తేమ, చల్లటి గోడను తాకి నీరవుతోంది. రెండింటి మందూ వేరు. పాతగోడ గారు చెప్పిన పూత రెండో జబ్బుకు ఎందుకూ పనికిరాదు. నేల నుంచి ఎక్కే చెమ్మ సాధారణంగా ఒక మీటరు లోపే ఆగుతుంది. మీకు పై మూలలో మొదలైంది కాబట్టి నాకు గాలి మీదే అనుమానం. పైకప్పు కారుతోందేమో మాత్రం ఒకసారి చూసుకోండి.

అద్దెగది (రెండు రోజుల తర్వాత):

రేకు తీశాను. గోడ వైపు పొడిగా ఉంది. గది వైపు చేతితో రాస్తే తడి. పైకప్పు మీద పగులేమీ లేదు. బీరువా గోడకు ఆనుకుని ఉంది, తడి బట్టలు అదే గదిలో ఆరేస్తున్నాను, దోమలని కిటికీ తెరవను. మూడూ నేను చేస్తున్నవే. ఇన్నాళ్లూ యజమానినే తిట్టుకున్నాను.

తాపీ:

బీరువాను గోడకు కనీసం ఐదు సెంటీమీటర్ల దూరం జరపండి, పది అయితే ఇంకా మంచిది. కిటికీకి దోమతెర కొట్టించుకుంటే మీ డబ్బుకు అంతకన్నా మంచి వినియోగం లేదు. చుక్కలను ముక్కుకు గుడ్డ కట్టుకుని, సబ్బు నీళ్లతో రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. బ్లీచింగ్ వాడితే అమ్మోనియా ఉన్న ద్రావణంతోనూ, ఆమ్లంతోనూ ఎప్పుడూ కలపకండి. వచ్చే వాయువులు విషం.

పాతగోడ:

పూత పూయించమని తొందరపడి చెప్పాను, అది నా పొరపాటు. మీరు విని ఉంటే ఉన్న కాస్త సొమ్మూ పోయేది. అయినా ముందు మరమ్మతే అన్న మాట మీదే ఉన్నాను. మరమ్మతు అంటే డబ్బు పెట్టడమేనని అనుకోవడం దగ్గర తప్పాను. బీరువా జరపడమూ మరమ్మతే.

చిత్రిక:

అలా అయితే బల్బు మార్చడమూ మరమ్మతేనని నేను వాదిస్తాను. చీకటి గదిలో ఎవరూ మూలలు చూడరు. ఈ విషయంలో మీరూ నేనూ ఒకటి కాలేం, పాతగోడ గారూ.

అద్దెగది:

దోమతెరకు కొలతలు తీసుకున్నాను. బీరువాను పక్కింటివారి సాయంతో జానెడు జరిపాం. నేల మీద దాని నాలుగు కాళ్ల గుర్తులు పడి ఉన్నాయి, వాటిని ఎలా పోగొట్టాలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. వస్త్రం కొన్నాను. ఎదుటి గోడకు, చెక్క పట్టీతో.