లాబ్రడార్‌కి రాత్రిపూట చూపు ఆనడం లేదు, ఇది వంశపారంపర్యమా?

బ్రూనో వాళ్లమ్మ, విజయవాడ:
మావాడికి అయిదేళ్లు. పగలు బంతి వెనక బాగానే పరిగెత్తుతాడు. చీకటి పడితే మెట్లు దిగడు, కరెంటు పోతే ఉన్నచోటే నిలబడిపోతాడు. టార్చి వేస్తే కళ్లు మరీ మెరుస్తున్నాయి. శుక్లమా? వచ్చే నెల జత కట్టిద్దామని తెలిసినవాళ్లు అడుగుతున్నారు, అదో టెన్షన్.

పాత పశువైద్యుడు:
శుక్లమైతే కంటిపాప తెల్లబడుతుందమ్మా. ఇవి పీఆర్ఏ లక్షణాల్లా ఉన్నాయి. అంటే రెటీనా (కంటి వెనక వెలుతురుని పట్టే పొర) మెల్లగా క్షీణించడం. మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాలు ముందు పోతాయి, అందుకే రేచీకటితో మొదలవుతుంది. నొప్పి ఉండదు. లాబ్రడార్లలో ఎక్కువగా కనిపించే రకానికి మూలమైన జన్యులోపాన్ని 2006లో గుర్తించారు. చుక్కలు వేయించి కంటి లోపల చూపించండి. జన్యుపరీక్షకు కాస్త రక్తమో, బుగ్గ లోపలి స్వాబో చాలు. అప్పటిదాకా జత మాట ఎత్తకండి.

బ్రూనో వాళ్లమ్మ:
తల్లీతండ్రీ ఇద్దరికీ చూపు బాగుందని బ్రీడర్ అంటున్నాడండీ.

పాత పశువైద్యుడు:
నిజమే కావచ్చు. ఈ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. లోపమున్నది ఒక్కటే ఉంటే ఆ కుక్కకి ఏమీ కాదు. అలాంటి రెండు కుక్కల్ని జత కట్టిస్తే పుట్టే ఒక్కో పిల్లకి 25 శాతం ముప్పు. షోలో గెలిచిన కప్పులు చూపించేవాళ్లే ఎక్కువ, టెస్ట్ రిపోర్ట్ ఎవరు చూపిస్తారు!

కాకర్ పిచ్చోడు:
మా కాకర్ స్పానియల్‌కి ఇదే, చూపు పూర్తిగా పోయింది. నయం చేసే మందు లేదు, విటమిన్లకు డబ్బు తగలేయకండి. సోఫాలు జరపకండి. మెట్ల ముందు గరుకు పట్టా వేయండి, కాలికి తగలగానే ఆగుతుంది.