సిన్సినాటస్ నియంతే, సీజర్ నియంతేనా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. పోటీ పరీక్షల పిల్లల కోసం రోమ్ చరిత్ర నోట్సు తెలుగులో రాస్తున్నాను. డిక్టేటర్ దగ్గర ‘నియంత’ అని పెడితే చాలు, హిట్లర్ గుర్తొస్తున్నాడట వాళ్లకి. పొలం దున్నుకుంటూ ఉంటే పిలిపించి పదవి ఇచ్చిన సిన్సినాటస్‌కీ, సీజర్‌కీ అదే మాట వాడాలా? ఇంకేమైనా ఉందా?

• సర్వాధికారి అనండి, సరిపోతుంది.

• సర్వాధికారి కూడా అంత కుదరదండీ, మొదట్లో ఆ పదవికి హద్దులుండేవి. రాజుల్ని తరిమేశాక (క్రీ.పూ. 509 అని వాళ్లు చెప్పుకునే లెక్క) ఏడాదికి ఇద్దరు కాన్సుల్‌లు (పాలన, సైన్యం చూసే పెద్ద అధికారులు), ఒకరు చేసేదాన్ని రెండోవాడు ఆపొచ్చు. శత్రువు మీద పడినప్పుడు ఈ పేచీలతో పని జరగదు కదా, అందుకని సెనేట్ (పెద్దల సభ) చెబితే కాన్సుల్ ఒకరిని డిక్టేటర్‌గా ప్రకటించేవాడు, మహా అయితే ఆరు నెలలకి. పని అయిపోతే ముందే దిగిపోవడం మర్యాద. సిన్సినాటస్ పదహారో రోజునే దిగిపోయాడని కథ. అన్నీ యుద్ధాలకే అనుకోకండి, ఎన్నికలు జరిపించడానికీ పెట్టేవారు, క్రీ.పూ. 363లో అయితే మహమ్మారి తగ్గాలని గుడి గోడకి మేకు కొట్టడానికి ఒక డిక్టేటర్‌ని పెట్టారు! మేకు కొట్టేవాణ్ణి నియంత అంటే పిల్లలు నవ్వరా?

క్రీ.పూ. 202 తర్వాత నూట ఇరవై ఏళ్లు ఆ పదవి ఊసే లేదు. తర్వాత సుల్లా అనే సేనాపతి సైన్యంతో వచ్చి గడువు లేకుండా తీసుకున్నాడు, చంపాల్సిన వాళ్ల పేర్లు ఊరి నడిబొడ్డున రాసి పెట్టించాడు, ఆస్తులు లాక్కున్నాడు. సీజర్ ఇంకో మెట్టెక్కి క్రీ.పూ. 44లో జీవితాంతం అనిపించుకున్నాడు, మార్చి 15న పొడిచేశారు. అదే ఏడాది సీజర్ అనుచరుడు ఆంటోనీ ఆ పదవినే రద్దు చేయించాడు. పేరు అదే, లోపల సరుకు మారింది. నన్నడిగితే సుల్లా ముందువాళ్లకి ‘డిక్టేటర్’ అనే ఉంచి ఒక వాక్యం వివరణ ఇవ్వండి, సుల్లా నుంచి నియంత రాయండి.

• సుల్లా తనంతట తానే దిగిపోయాడు కదా సార్, అతన్ని కూడా కలిపేస్తారా?

• దిగిపోయాడు, నిజమే. కానీ చచ్చినవాళ్లకి అది ఏం ఊరట లెండి.

• ఒక చిన్న మాట. అమరకోశంలో ‘నియంతా ప్రాజితా యంతా సూతః’ అని ఉంటుంది, అంటే నియంత రథసారథి! ఆ లెక్కన పగ్గాలు పట్టి గమ్యం చేరాక దిగిపోయే సిన్సినాటస్‌కే ఆ మాట బాగా అతుకుతుంది. మన పత్రికల వాడకంలో అర్థం ఎటో పోయింది.

• భలే పట్టారు. కానీ పరీక్షలో అమరకోశం అర్థం రాస్తే మార్కులు వేస్తారా గురువుగారూ :)

ప్రశ్న వేసినవారు: మరి ఆగస్టస్? పుస్తకాల్లో చక్రవర్తి అని ఉంది.

• అతనిది ఇంకా చిత్రం. క్రీ.పూ. 22లో తిండి కరువొస్తే జనమే డిక్టేటర్‌గా ఉండమని వెంటపడ్డారు, ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకుంటాడు, సైన్యాలున్న రాష్ట్రాలు చాలావరకు అతని చేతిలోనే ఉన్నాయి, అంతకు ముందు ఏడాదే ట్రిబ్యూన్ (సామాన్యుల తరఫున నిలిచే అధికారి) అధికారం కూడా వచ్చేసింది. కాన్సుల్‌లు మామూలుగానే ఎన్నికవుతున్నారు, సెనేట్ కూర్చుంటోంది. తనని తాను ‘ప్రిన్సెప్స్’ అనుకున్నాడు, అంటే ప్రథముడు. ‘ప్రథమ పౌరుడు’ అని రాద్దామంటే మన దగ్గర అది రాష్ట్రపతి! ‘ఇంపరేటర్’ అన్నది కూడా మొదట్లో గెలిచిన సేనాపతికి సైనికులు వేసే కేక, కిరీటంతో సంబంధం లేదు.

• అయితే చక్రవర్తి ఎవరికి వాడాలి?

• క్రీ.శ. 284లో వచ్చిన డయోక్లీషియన్‌కి మొహమాటం లేకుండా వాడేయండి. ఎదుట పడితే సాష్టాంగపడాలి, పైగా ‘ప్రభువు’ అని పిలవాలి. ఆగస్టస్‌కి మాత్రం ‘ప్రిన్సెప్స్’ అనే ఉంచి, పక్కన ‘పేరుకే ప్రథముడు’ అని రాసుకోండి.