వీడియో అప్పగించి మూడు నెలలు దాటింది, బ్యాలెన్స్ రాలేదు. ఏం చేయాలి?

యూసుఫ్‌గూడ_రెండర్:

అందరికీ నమస్తే. నేను అపార్ట్‌మెంట్లకు త్రీడీ వాక్‌త్రూలు, అంటే కట్టబోయే ఇంట్లో నడుస్తున్నట్టు చూపించే కంప్యూటర్ వీడియోలు చేస్తాను, ఉద్యోగం మానేసి ఫ్రీలాన్స్‌లోకి వచ్చి రెండేళ్లు. ఏప్రిల్ మొదట్లో మాదాపూర్‌లోని ఒక యాడ్ ఏజెన్సీ వాళ్లు ఒక బిల్డర్ కోసం రెండు నిమిషాల వీడియో అడిగారు. మాట్లాడుకున్నది రూ. 1,40,000, అడ్వాన్స్ 35,000 వేశారు. మిగతాది ఎప్పుడని అడిగితే "డెలివరీ అయ్యాక చూసుకుందాం బ్రో" అన్నారు, నేనూ సరే అన్నాను. రాతలో ఉన్నదల్లా నా కొటేషన్, దానికి వాళ్లు "ఓకే, ప్రొసీడ్" అని ఇచ్చిన మెయిల్, బోలెడు వాట్సాప్ మెసేజీలు.

ఏడుసార్లు మార్పులు చెప్పారు. బాల్కనీ రెయిలింగ్ గాజుదా, ఇనుపదా అన్నదాని మీదే మూడుసార్లు మళ్లీ రెండర్ పెట్టాను (అంటే వీడియో దృశ్యాలన్నీ సిస్టమ్‌తో కొత్తగా తయారు చేయించాను), రాత్రంతా సిస్టమ్ నడుస్తుంటే గదిలో ఫ్యాన్ గాలి కూడా వేడిగా తగిలేది. మే 12న ఫైనల్ ఫైల్, బిల్లు రెండూ పంపాను. ఇప్పుడు ఆగస్టు చివరికొచ్చాం. ఫోన్ చేస్తే "బిల్డర్ మాకే ఇంకా ఇవ్వలేదు" అంటారు, లేదా "వచ్చే సోమవారం" అంటారు. మొన్న ఆదివారం కోకాపేట వైపు వెళ్తే ఆ బిల్డర్ సేల్స్ ఆఫీసు బయట పెద్ద ఎల్‌ఈడీ తెర మీద నా వీడియోనే నడుస్తోంది. బండి పక్కకి ఆపి రెండుసార్లు చూశాను. ఆ గాజు రెయిలింగ్ కనిపించగానే కడుపు రగిలిపోయింది.

అద్దె, సిస్టమ్ ఈఎంఐ కలిపి నెలకు 31,000 కట్టాలి. గట్టిగా అడిగితే ఈ ఫీల్డులో పేరు పాడవుతుందేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?

అమీర్‌పేట్_అక్షరాలు:

తమ్ముడూ, ముందు ఆ భయం వదిలెయ్. పన్నెండేళ్లుగా లోగోలు, ప్యాకేజింగ్ డిజైన్లు చేస్తున్నాను, మర్యాదగా మెయిల్‌లో అడిగినందుకు నాకు పోయిన క్లయింట్లు ఎవరంటే అసలు ఇవ్వాలనుకోనివాళ్లే. బిల్డర్ వాళ్లకు ఇచ్చాడా లేదా అన్నది నీకు సంబంధం లేని విషయం. నీకు పని చెప్పింది ఏజెన్సీ, "ఓకే, ప్రొసీడ్" అన్నది ఏజెన్సీ, బిల్లు తీసుకున్నది ఏజెన్సీ. కొటేషన్‌లో బిల్డర్ ఇచ్చాకే ఇస్తామని లేనప్పుడు ఆ మాట నువ్వెందుకు మోయాలి?

ఫోన్లు తగ్గించు. చేసినా, పెట్టేసిన వెంటనే "ఇందాక మీరు ఫలానా తేదీకి వేస్తామన్నారు" అని రెండు లైన్ల మెయిల్ కొట్టు. మళ్లీ కోకాపేట వెళ్లి ఆ తెర, చుట్టూ ఉన్న బోర్డులు కనిపించేలా వీడియో తీసుకో. వీడియో బాలేదు, వాడలేదు అని రేపు అనడానికి వీలుండదు.

లెడ్జర్_అక్క:

నేను ఏజెన్సీల అకౌంట్స్‌లోనే తొమ్మిదేళ్లు పనిచేశాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తాను. నువ్వు సతాయిస్తున్నది ప్రాజెక్టు చూసే అబ్బాయినైతే అతని చేతిలో ఏమీ లేదు. చాలాచోట్ల నెలకు రెండుసార్లే పేమెంట్లు వదులుతారు, ఆ లిస్టులోకి ఎక్కాలంటే బిల్లు మీద పీవో నంబరు (పని ఇచ్చేటప్పుడు ఏజెన్సీ రాసే పర్చేజ్ ఆర్డర్ నంబరు), పాన్, బ్యాంకు వివరాలు అన్నీ ఉండాలి, ఒక్కటి లేకపోయినా ఆ బిల్లు పక్కన పడుంటుంది, ఆ సంగతి నీకు చెప్పేవాళ్లు కూడా ఉండరు. అకౌంట్స్ వాళ్ల మెయిల్ ఐడీ కనుక్కుని నేరుగా వాళ్లకే రాయి, డైరెక్టర్‌ని కాపీలో పెట్టు. కంపెనీ అయితే డైరెక్టర్ల పేర్లు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి.

అంతకంటే ముందు, ఈ రాత్రే ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో నీ 26ఏఎస్ తెరిచి చూడు, నీ పేరు మీద ఎవరెంత పన్ను కోసి కట్టారో అందులో ఉంటుంది. నీ బిల్లును తమ పుస్తకాల్లో ఖర్చుగా రాసుకున్నప్పుడే, డబ్బు నీకు ఇచ్చినా ఇవ్వకపోయినా, వాళ్లు టీడీఎస్, అంటే నీకిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకునే పన్ను, కోసి కట్టాలి. జూన్ దాకా కోసినదానికి రిటర్ను గడువు జూలై 31, అంటే ఈపాటికి కనిపించాలి. కనిపిస్తే నీ బిల్లు ఒప్పుకున్నట్టు వాళ్లే ప్రభుత్వానికి రాసిచ్చారన్నమాట, అంతకంటే మంచి సాక్ష్యం నీకు దొరకదు.

యూసుఫ్‌గూడ_రెండర్:

అక్కా, ఉంది! మొత్తం 1,40,000 చూపించి పది శాతం, 14,000 కోశారు. అంటే నాకు రావాల్సింది ఇంకా 91,000. మూడు నెలలుగా బిల్డర్ ఇవ్వలేదనే చెప్తున్నారు నాకు.

నాంపల్లి_వకీల్‌సాబ్:

26ఏఎస్ కాపీ జతచేసి ఏడు రోజుల గడువుతో మెయిల్ పంపండి. రాకపోతే లాయర్ ద్వారా లీగల్ నోటీసు. సివిల్ దావాకు మూడేళ్ల గడువు ఉంది కానీ అన్నాళ్లు ఆగకండి.

ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు, ఉందా? లేకపోతే వచ్చే పని ఒప్పుకునేలోపే తీసుకోండి. ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో ఉచితంగా అయిపోతుంది, డబ్బులు అడిగే వెబ్‌సైట్ల జోలికి వెళ్లకండి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం చిన్న సంస్థకు 45 రోజుల్లోపు చెల్లించాలి, గడువు రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు వేస్తే, ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది. పైగా 2023-24 నుంచి, గడువు దాటించిన బాకీని నిజంగా చెల్లించేదాకా క్లయింట్ ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపించుకోలేడు, మార్చి వచ్చిందంటే ఉద్యం సర్టిఫికెట్ పంపమని కంపెనీల నుంచి మెయిళ్లు వచ్చేది అందుకే.

అయితే ఇప్పుడు రిజిస్టర్ అయి పాత బిల్లుకు ఇది వాడుకోవచ్చని లెక్కేసుకోకండి. ఒప్పందం నాటికే రిజిస్ట్రేషన్ ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, తర్వాత ఆ ప్రశ్న మళ్లీ లేచి పెద్ద బెంచ్ ముందుకు వెళ్లింది. ఈ బాకీకి మీ బలం ఆ 26ఏఎస్, ఆ "ఓకే, ప్రొసీడ్" మెయిల్.

అమీర్‌పేట్_అక్షరాలు:

ఇంకొకటి తమ్ముడూ, ఇకమీదట బ్యాలెన్స్ పడేదాకా వాటర్‌మార్క్ లేని ఫైల్ బయటికి పోకూడదు. నేను సగం ముందు, పావు మొదటి డ్రాఫ్ట్‌కి, పావు ఫైనల్ ఫైల్‌కి ముందు తీసుకుంటాను. మార్పులు రెండుసార్లు, ఆపైన ఒక్కోదానికి ఇంత అని కొటేషన్‌లోనే రాస్తాను. నీ ఏడు మార్పుల్లో ఐదింటికి నువ్వు ఊరికే పనిచేశావు.

యూసుఫ్‌గూడ_రెండర్:

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. లెడ్జర్ అక్క చెప్పినట్టే అకౌంట్స్‌కి, డైరెక్టర్‌కి 26ఏఎస్ జతచేసి మెయిల్ పంపాను. మర్నాడే అకౌంట్స్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, బిల్లు మీద పీవో నంబరు లేదని మే నెలలోనే పక్కన పెట్టారని చెప్పింది. నాతో ఒక్కరు కూడా అనలేదు ఆ మాట. నిన్న 50,000 పడింది, మిగతా 41,000 సెప్టెంబర్ 15కి వేస్తామని మెయిల్‌లో రాసిచ్చారు. రాకపోతే 16న నోటీసు పంపడానికి లాయర్‌తో మాట్లాడి ఉంచాను. ఉద్యం కూడా వచ్చింది. ఈలోగా తెల్లాపూర్ నుంచి ఒక విల్లా ప్రాజెక్టు వచ్చింది, సగం అడ్వాన్స్ అడిగితే అవతలాయన రెండు నిమిషాలు ఆలోచించి సరే అన్నారు.