కింది ఫోర్క్ క్లాంపులో బీట: ఉన్నదాన్ని చూసి అచ్చంగా చేయించవచ్చా?

పొగగొట్టం:

నా 1973 యమహా ఆర్‌డీ 350 బైకుకి కంపెనీ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాల జత) లేదు. నాకంటే ముందు నడిపినవాళ్లెవరో 35 మిల్లీమీటర్ల సెరియాని రేసింగ్ ఫోర్క్ వేయించారు. దానికోసం ఆ గొట్టాలను బిగించి పట్టే పై క్లాంపు, కింది క్లాంపు అల్యూమినియం దిమ్మలోంచి ప్రత్యేకంగా చెక్కించారు. వాటి మీద పేరు లేదు, ముద్ర లేదు. పని మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. బరువు తగ్గించడానికి తొలిచిన రంధ్రాల అంచులు కూడా ఆకురాయితో నున్నగా తీర్చి ఉన్నాయి.

మొన్న బేరింగులకు గ్రీజు పెడదామని విప్పితే, కింది క్లాంపులో కుడి వైపు పించ్ బోల్టు (గొట్టం చుట్టూ క్లాంపును బిగించే బోల్టు) చెవి మొదట్లో సన్నని బీట కనిపించింది. ముందు గీత అనుకున్నాను గానీ గోరుతో లాగితే గోరు ఆగుతోంది. ఇక దాన్ని బిగించి రోడ్డెక్కే ధైర్యం లేదు. ఇలాంటి ఫోర్కే వేసుకున్న స్నేహితుడు కూడా ఒకటి కావాలంటున్నాడు కాబట్టి రెండు జతలు చేయిద్దామని ఉంది.

వెర్నియర్‌తో తీసిన కొలతలు ఇవి, అన్నీ మిల్లీమీటర్లలో. గొట్టాల కేంద్రాల మధ్య దూరం 184. క్లాంపుల మధ్య ఎత్తు 180. ఆఫ్‌సెట్, అంటే హ్యాండిల్‌తో పాటు తిరిగే నడిమి కడ్డీ (స్టెమ్) అక్షం నుంచి గొట్టాల అక్షం ఎంత ముందుకుందో, పైదానిలో 52, కిందిదానిలో 55. ఈ చివరి రెండు అంకెలే తికమక పెడుతున్నాయి. రెండూ ఒకటే ఉండాలి కదా? బండి ఎప్పుడో దేన్నో గుద్దుకుని వంగిందా? ఏ అంకె నమ్మి చేయించాలి? లోహం 6061 మేలా, 7075 మేలా (రెండూ అల్యూమినియం మిశ్రమ రకాలే)? పోనీ, వెల్డింగ్‌తో బీట పూడ్చి కొంతకాలం నెట్టుకురావచ్చా?

మిల్లు మాస్టారు:

వెల్డింగ్ మాట మరిచిపోండి. అది ఏ మిశ్రమ లోహమో మీకు తెలియదు. 7075 అయితే మామూలు వెల్డింగ్‌కు లొంగదు, చల్లారుతూనే పక్కన ఇంకో బీట తెచ్చుకుంటుంది. 6061 అయితే వెల్డు పడుతుంది గానీ ఆ వేడికి చుట్టుపక్కల టీ6 అనే వేడి చికిత్సతో వచ్చిన గట్టిదనం పోతుంది. ముందు చక్రాన్ని మోసే భాగం మీద ఇలాంటి ప్రయోగాలు వద్దు.

ఇక 52, 55 సంగతి. గుద్దుకుని వంగింది అనేయడం తేలిక. కానీ బలం ఎటు పోతుందో ఒకసారి చూడండి. బండి ముందు నుంచి దేన్నైనా గుద్దితే చక్రం వెనక్కి పోతుంది. అప్పుడు గొట్టాలు కింది క్లాంపును వెనక్కి నెడతాయి, పైదాన్ని ముందుకు తోస్తాయి. అంటే గుద్దుకున్న బండిలో కింది ఆఫ్‌సెట్ తగ్గాలి, పైది పెరగాలి. మీ అంకెలు సరిగ్గా అందుకు ఎదురు. కాబట్టి మీ కొలతైనా తప్పాలి, లేదా చేసినవాడు కావాలనే అలా చేసి ఉండాలి.

ముందు కొలత తేల్చుకోండి. క్లాంపు అంచుకు వెర్నియర్ ఆనించి ఆఫ్‌సెట్ తీయడం నాకు బొత్తిగా నచ్చని పని. చేత్తో రాకిన అంచును నమ్ముకుని అక్షాన్ని ఎలా వెతుకుతారు? స్టెమ్‌తో సహా కింది క్లాంపును సర్ఫేస్ ప్లేటు (కొలతలకు వాడే చదునైన బల్ల) మీద వీ బ్లాకుల్లో (గుండ్రని కడ్డీని పట్టే గాడి దిమ్మల్లో) పడుకోబెట్టండి. బోర్లలో (గొట్టాలు దూరే రంధ్రాల్లో) వదులు లేకుండా పట్టే వంకర లేని కడ్డీలు రెండు దూర్చండి. అవి క్లాంపు నుంచి 300 దాకా బయటికి ఉండాలి. రెండు కడ్డీలూ ఒకే ఎత్తుకు వచ్చేలా తిప్పి నిలిపి, హైట్ గేజ్‌తో కడ్డీ మీద బోరు పక్కన ఒకసారి, కొసన ఒకసారి కొలవండి. రెండు చోట్లా ఒకే ఎత్తు ఉంటే బోరు స్టెమ్‌కు సమాంతరంగా ఉన్నట్టు. కొసన మారితే బోరునే వాలుగా తొలిచారు. 180కి 3 తేడా అంటే డిగ్రీకి కాస్త తక్కువ వాలు. ఆ లెక్కన 300 పొడవున 5 తేడా కనబడాలి.

ఇంకొకటి. గొట్టాల మీద పై క్లాంపు పట్టే చోటు శుభ్రంగా తుడిచి వెలుతురులో చూడండి. క్రోమ్ మీద గుర్తులు చుట్టూ సమంగా ఉన్నాయా, లేక పై అంచున వెనక వైపు, కింది అంచున ముందు వైపు మాత్రమే నలిగిందా? ఎందుకు అడుగుతున్నానో మీరు చూసి చెప్పాక చెబుతాను.

ఇసుకపోత:

దిమ్మలోంచి చెక్కించడమే ఎందుకు? ఇసుక అచ్చులో పోత పోయిస్తే పాత బండికి పాత రూపం వస్తుంది. మూలల్లో ఆ గుండ్రదనం, ఆ గరుకు చర్మం మిల్లింగ్ మెషిన్ మీద రావు. నమూనా చేసేటప్పుడు అల్యూమినియం కుంచించుకుపోవడాన్ని లెక్కలో పెట్టుకుంటే చాలు. సుమారు 1.3 శాతం అనుకుంటే 184 దూరంలో 2 మిల్లీమీటర్ల పైనే పోతుంది. బోర్లు ఎటూ తరవాత మెషిన్ మీదే పూర్తి చేస్తాం.

మిల్లు మాస్టారు:

రూపం విషయంలో మీతో వాదించను, పోత అందమే వేరు. కానీ రెండు జతల కోసం పోత పోయిస్తే లోపల గాలి బుడగలు ఉన్నాయో లేవో ఎక్స్‌రే తీయించందే తెలియదు. పోశాక టీ6 వేడి చికిత్స కూడా సరిగ్గా జరగాలి. పాతిక జతలైతే మీ దారే నాదీ.

మూడో గేరు:

చిన్న మాట. కొత్త ఆఫ్‌సెట్ నిర్ణయించే ముందు హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, గొట్టానికీ పెట్రోలు ట్యాంకుకూ మధ్య ఎంత సందు ఉందో చూసుకోండి. ఆఫ్‌సెట్ తగ్గిస్తే గొట్టం ట్యాంకు దగ్గరికి జరుగుతుంది. తిప్పుడును ఆపే మొట్టెలు కూడా పాతదాని మీద ఎక్కడున్నాయో అక్కడే కొత్తదాని మీద ఉండాలి. వాటిని మరిచిపోయి చేయించిన క్లాంపు ఒకటి నేను చూశాను. ట్యాంకుకు రెండు పక్కలా రెండు సొట్టలు!

పొగగొట్టం:

మాస్టారూ, మీరు చెప్పినట్టే కొలిచాను. కింది క్లాంపు కడ్డీలు రెండూ కొసన 5 మిల్లీమీటర్లు మారాయి. రెండు వైపులా సమానంగా, ముందు వైపుకే వాలు. పై క్లాంపును మట్టంగా పెట్టి చూస్తే దాని బోర్లు మాత్రం నిటారుగా ఉన్నాయి, వాలు లేదు. గొట్టాల మీద గుర్తులూ మీరన్నట్టే ఉన్నాయి. పై అంచున వెనక, కింది అంచున ముందు క్రోమ్ నలిగింది, మిగతా చుట్టూ మెరుస్తూనే ఉంది. ఇప్పుడు చెప్పండి.

హెడ్ కోణం, అంటే స్టెమ్ వాలు, నిలువు నుంచి 27 డిగ్రీలు. ముందు చక్రం వ్యాసార్థం 300. ఇరుసు గొట్టం అక్షం మీదే ఉంది, కింది క్లాంపు నుంచి దాదాపు 500 కిందికి. ట్యాంకు సందు పర్వాలేదు, ఒక వేలు దూరుతుంది.

మిల్లు మాస్టారు:

మీ బీట ఎందుకు వచ్చిందో తెలిసిపోయింది. ఆ రెండు క్లాంపులూ ఒక జత కావు. కిందిదాన్ని ఎవరో వాలుగా తొలిచి చేశారు, దానికి వాలుగా తొలిచిన పైది కూడా ఒకటి ఉండే ఉంటుంది. అది పోయో పగిలో ఉంటే తరవాత ఇంకెవరో నిటారు బోర్లతో పైదాన్ని చేయించి తగిలించారు. కేంద్రాలు కుదిరేలా 52 పెట్టారు, కోణం పట్టించుకోలేదు. 25 మందం ఉన్న క్లాంపులో డిగ్రీ వాలుకు 0.4 మిల్లీమీటర్ల పైనే తేడా వస్తుంది. బోల్టు బిగించిన ప్రతిసారీ పై క్లాంపు గొట్టాన్ని నిటారుగా లాగుతుంది, కిందిది ఒప్పుకోదు. ఆ పెనుగులాట అంతా పడింది కింది చెవి మొదట్లోనే. పని ఎంత అందంగా ఉన్నా, అచ్చంగా అలాంటిదే చేయిస్తే అక్కడే మళ్లీ బీట పడుతుంది.

ఇక ట్రెయిల్, అంటే స్టెమ్ అక్షం నేలను తాకే చోటు నుంచి టైరు నేలను తాకే చోటు ఎంత వెనక ఉందో ఆ దూరం. వ్యాసార్థాన్ని కోణం సైన్‌తో గుణించి, ఆఫ్‌సెట్ తీసేసి, కోసైన్‌తో భాగించండి. నిటారు బోర్లు, 55 ఆఫ్‌సెట్ అయితే మీకు 91 వస్తుంది. వాలు వల్ల ఇరుసు దగ్గరికి వచ్చేసరికి ఆఫ్‌సెట్ 63 దాకా పోతుంది, ట్రెయిల్ 82కి పడిపోతుంది. మలుపుల్లో చురుకుగా తిరగాలని చేసుకున్న రేసు ఏర్పాటు అయి ఉండవచ్చు. వేగం మీద హ్యాండిల్ వణుకుతోందా? మీరు ఆ మాట రాయలేదు గానీ వణకకపోతే ఆశ్చర్యమే.

నా సలహా: రెండూ నిటారు బోర్లతో, రెండూ 55తో చేయించండి. పైన 3 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది కాబట్టి ట్యాంకు సందు పెరుగుతుందే తప్ప తగ్గదు. అయినా తిప్పుడు బరువు అనిపిస్తే గొట్టాలను క్లాంపుల్లో 10 పైకి జరిపి చూడండి. హెడ్ కోణం అర డిగ్రీకి కాస్త తక్కువ నిటారవుతుంది. కొత్త క్లాంపు కంటే అది చవక.

లోహం 6061 టీ6 చాలు. దాని దిగుబడి బలం (శాశ్వతంగా వంగిపోకుండా ఆగే హద్దు) 275 మెగాపాస్కల్స్ చుట్టూ, 7075 టీ6ది 500 చుట్టూ. అయితే బరువు పడ్డప్పుడు తాత్కాలికంగానైనా వంగకుండా నిలిచే గుణం (స్టిఫ్‌నెస్) రెండింటికీ దాదాపు ఒకటే. కాబట్టి మందం తగ్గించేవాడికే 7075తో లాభం. పైగా ఎప్పుడూ బిగుతులో ఉండే చోట, తేమ తగిలితే 7075 టీ6 తుప్పుతో కలిసి బీటలు వారే రకం. 6061లో కాస్త మందంగా, చెవి మొదట్లో కనీసం 3 వ్యాసార్థంతో వంపు పెట్టి చేయించండి. మీ పాతదానిలో ఆ మూల కత్తితో కోసినట్టు ఉండి ఉంటుంది, చూడండి.

మెషిన్ పనిలో ఒక్కదానికే పట్టుబట్టండి. పై క్లాంపు, కింది క్లాంపు దిమ్మలను ఒకదాని మీద ఒకటి బిగించి, గొట్టాల బోర్లు, స్టెమ్ బోరు ఒకే బిగింపులో తొలవాలి. విడివిడిగా చేస్తానంటే ఆ పనివాడికి ఇవ్వకండి. బోర్లు అర మిల్లీమీటరు తక్కువగా తొలిచి ఆపి, విడదీయడానికి ముందే పించ్ బోల్టుతో మూసుకునే చీలిక కోయాలి. కోయగానే లోహం కాస్త తెరుచుకుంటుంది లేదా మూసుకుంటుంది. చీలికలో రేకు పెట్టి బోల్టు తేలికగా బిగించి, అప్పుడు చివరి కొలతకు తేవాలి. గొట్టం కంటే 0.02 నుంచి 0.04 ఎక్కువ ఉంటే చాలు. గొట్టం 35 అని నమ్మకండి, మైక్రోమీటర్‌తో మీ గొట్టాన్నే కొలిచి ఇవ్వండి.

స్టెమ్ ఉక్కుది, కింద భుజం ఉండాలి. 30 వ్యాసానికి 0.04 బిగుతు పెట్టి, క్లాంపును 120 డిగ్రీలకు వేడి చేస్తే బోరు 0.07 తెరుచుకుంటుంది, స్టెమ్ జారి కూర్చుంటుంది. సుత్తి పని లేదు.

పొగగొట్టం:

వణుకు ఉంది మాస్టారూ. టైరు అనుకుని రెండుసార్లు మార్చాను. చెవి మూల కూడా మీరన్నట్టే పదునుగా ఉంది. ఇంకొక్కటి చెప్పండి, నల్లగా ఆనోడైజ్ (పైన ఆక్సైడ్ పొర పెట్టించడం) చేయిస్తే బోర్ల కొలత మారుతుందా?

మిల్లు మాస్టారు:

మారుతుంది. మామూలు ఆనోడైజింగ్ పొర 10 నుంచి 20 మైక్రాన్లు ఉంటుంది. అందులో దాదాపు సగం బయటికి పెరుగుతుంది, బోరులో రెండు పక్కలా పెరుగుతుంది కాబట్టి వ్యాసం మొత్తం పొర మందమంత తగ్గుతుంది. మీరు పెట్టుకున్న 0.02 సందు అక్కడే పోతుంది. మూడు బోర్లనూ మూసి చేయమనండి. మందపాటి హార్డ్ ఆనోడైజింగ్ మాత్రం వద్దు, అలసటకు తట్టుకునే బలాన్ని తగ్గిస్తుంది. స్టెమ్ దూర్చడం ఆనోడైజింగ్ అయ్యాకే. బోల్టులు ఎం8 అయితే 20 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపండి. మొదటిసారి బిగించి కొన్ని రోజులు నడిపాక విప్పి, చెవుల మొదళ్లలో డై పెనెట్రెంట్ (బీటల్లోకి ఇంకి వాటిని చూపించే రంగు ద్రవం) పూసి చూడండి. స్నేహితుడి జత అప్పటిదాకా బిగించనివ్వకండి.